కాటా గదిలో రెండు ‘టైమౌట్’లు: పేర్ల ఘర్షణపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖపట్నంలో లారీ కాటాలకు సాఫ్ట్‌వేర్ రాసి, అమర్చి, నిర్వహించే ఒక చిన్న సంస్థకు నేను కొంతకాలం సలహాదారుగా పనిచేశాను. వాళ్ల అనుమతితోనే ఈ కేసును రాస్తున్నాను. సంస్థను గాని, యార్డును గాని, లైబ్రరీలు (ప్రోగ్రాంలో కలుపుకునే, ఇతరులు రాసిన కోడు) ఇచ్చిన సరఫరాదారులను గాని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. ఒకటి రెండు అంకెలు కూడా మార్చాను. ప్రోగ్రాంలోని పేర్లను నోటితో పలికేటట్టే తెలుగులో రాస్తున్నాను.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం, గాజువాక చుట్టుపక్కల పరిశ్రమలు ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ బొగ్గు, ఖనిజం, ఇనుప తుక్కు మోసే లారీకి కాటా ఎక్కడం నిత్యకృత్యం. లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి తూచి, ఖాళీ బరువు, నిండు బరువు, నికర బరువు అచ్చువేసిన స్లిప్పు డ్రైవరు చేతికిస్తారు. ఆ స్లిప్పును బట్టే డబ్బు చేతులు మారుతుంది. 60 టన్నుల కాటా అడుగున ఉండే లోడ్‌సెల్స్ ఇచ్చే సంకేతాన్ని ఇండికేటర్ అనే పెట్టె అంకెగా మారుస్తుంది. కాటా గదిలోని చిన్న లైనక్స్ కంప్యూటర్ సీరియల్ కేబుల్ ద్వారా ఆ ఇండికేటర్‌ను బరువెంతని అడుగుతుంది, బరువు నిలకడకు వచ్చాక ఇండికేటర్ జవాబు చెబుతుంది. ఈ మొత్తాన్ని నడిపే ప్రోగ్రాం సీ భాషలో ఉంది, పదేళ్లలో ఐదారుగురి చేతులు మారింది.

సీ భాష అన్నది ఈ కేసులో అసలు సంగతి. జావాలో ప్యాకేజీ పేర్లను ఇంటర్నెట్ డొమైన్‌ను తిరగేసి పెట్టుకునే ఆనవాయితీ ఉంది, సీ ప్లస్ ప్లస్‌లో పేర్లను విడివిడి గుంపులుగా ఉంచే నేమ్‌స్పేస్‌లు ఉన్నాయి. సీలో మాత్రం ఒక ఫైలు దాటి కనిపించే ఫంక్షన్ల పేర్లు, వేరియబుల్ పేర్లు అన్నీ ఒకే వాకిట్లో నిలబడతాయి, అవి ఎవరు రాసినవైనా సరే. పైగా బయటికి కనిపించే పేర్లలో మొదటి 6 అక్షరాలను చూస్తే చాలునని, పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా చూపనక్కర్లేదని 1989 ప్రమాణం వెసులుబాటు ఇచ్చింది. 1999 ప్రమాణంలో గాని అది 31 అక్షరాలకు పెరగలేదు. పాత సీ కోడులో పేర్లు ముక్తసరిగా ఉండడం వెనుక బద్ధకం ఒక్కటే కాదు, ఈ చరిత్ర కూడా ఉంది. ఆ అలవాటు మాత్రం అవసరం తీరిపోయాక కూడా మిగిలిపోయింది.

ఎదురైన సమస్య

లారీ అద్దానికి అంటించిన ట్యాగును చదివి, బండి నంబరును దానంతటదే నమోదు చేసే ఆర్ఎఫ్ఐడీ రీడర్‌ను సంస్థ కొత్తగా చేర్చింది. రీడర్ అమ్మినవాళ్లు సోర్స్, అంటే మనిషి రాసిన అసలు కోడు, ఇవ్వలేదు. ఆ కంప్యూటర్‌కు సరిపడేలా ముందే కంపైల్ చేసిన (యంత్ర భాషలోకి మార్చిన) స్టాటిక్ లైబ్రరీని, అందులో మనం పిలవదగిన పేర్లు చెప్పే ఒక హెడర్ ఫైలును ఇచ్చారు. ఆఫీసులో పరీక్షలన్నీ సజావుగా సాగాయి. ఒక యార్డులో కొత్త వెర్షన్ పెట్టిన రెండు వారాలకు యజమాని నుంచి ఫోను వచ్చింది: ఖాళీగా వచ్చిన ఒక లారీకి అంతకు ముందు తూగిన లారీ నిండు బరువు అచ్చయింది.

ఒక్కసారి జరిగి ఉంటే ఆపరేటర్ తొందరపాటు అనుకొని వదిలేసేవారేమో. పాత స్లిప్పులు తిరగేస్తే అదే వారంలో మరో ఆరు బయటపడ్డాయి. ఏడింటిలోనూ ఒకే తీరు: వరుసగా రెండు లారీలకు కిలో తేడా లేకుండా ఒకే బరువు. నన్ను పిలిచింది ఈ దశలో.

నేను మొదట అడిగింది కారణం గురించి కాదు, ఈ రోజు సాయంత్రంలోగా తప్పుడు స్లిప్పు బయటికి పోకుండా ఏం చేయగలమని. కోడు చూస్తే, ఇండికేటర్ నుంచి గడువులోగా జవాబు రాకపోతే చివరిసారి వచ్చిన బరువునే తెరమీద ఉంచే ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. గడువు 2000 మిల్లీసెకండ్లు కాబట్టి ఇన్నేళ్లలో ఆ దారిలోకి ప్రోగ్రాం వెళ్లిన సందర్భమే లేదు, అందుకే అందులోని ప్రమాదం ఎవరి కంటా పడలేదు. జవాబు రాకపోతే తెర ఖాళీగా ఉండాలి, స్లిప్పు మీట పనిచేయకూడదు అని ఆ నాలుగు వరుసలు మార్చి అదే రాత్రి పంపించాం. అప్పటి నుంచి తప్పుడు స్లిప్పులు ఆగాయి, లారీల బారు మాత్రం పెరిగింది, ఎందుకంటే జవాబు రాకపోవడం అలాగే ఉంది. కారణం వెతకడానికి మాకు కొంచెం ఊపిరి దొరికింది.

మేం తిరిగిన తప్పుదారులు

కాటా ఆపరేటర్ ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న మనిషి. “మధ్యాహ్నం గాలి లేచిందంటే కాటా ఆడతాదండీ, పొద్దున్న పూట ఏమీ ఉండదు” అన్నాడు. నేను తేలిగ్గా తీసుకోలేదు; స్లిప్పుల మీది సమయాలు చూస్తే ఏడింటిలో ఆరు మధ్యాహ్నానివే. సముద్రపు ఉప్పుగాలికి లోడ్‌సెల్స్ తీగలు కలిసే జంక్షన్ బాక్సుల్లో తేమ చేరడం, తుప్పు పట్టడం ఈ తీరంలో కొత్త సంగతి కాదు. కాబట్టి మొదటి అనుమానం కాటా మీదికే పోయింది.

అయితే ఇక్కడ తొందరపడితే ఖర్చు ఎక్కువ. కాటాకు తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది. సీలు తెంచి సెల్స్ మారిస్తే మళ్లీ తనిఖీ చేయించి ముద్ర వేయించుకునేదాకా ఆ కాటా మీద లావాదేవీలు నడపకూడదు. అందుకని సీలు జోలికి పోకుండా చేయగలిగిన పరీక్ష ముందు చేయించాను. ప్రమాణ బరువులు పెట్టి, కంప్యూటర్‌ను పక్కన పెట్టి, ఇండికేటర్ ముఖం మీది అంకెను మాత్రమే చూశాం. గాలి వీస్తున్నప్పుడు అంకె నిలకడకు రావడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది గాని, వచ్చాక సరిగ్గానే చూపించింది. కాటా నిర్దోషి.

తరవాత సీరియల్ కేబుల్ మార్చారు. ఫలితం లేదు.

మూడో ప్రయత్నమే మాకు దారి చూపింది, అది కూడా విఫలం కావడం వల్ల. జవాబు ఆలస్యమవుతోంది కాబట్టి గడువు పెంచితే సరిపోతుందని, కాన్ఫిగరేషన్ ఫైల్లో 2000ను 5000 చేశారు. ప్రోగ్రాం మొదలైనప్పుడు లాగ్‌లో 5000 అనే పడింది. కాని జవాబు రాని సందర్భాల సంఖ్య ఏమాత్రం తగ్గలేదు. గడువు రెండున్నర రెట్లు పెరిగినా ఏ తేడా లేదంటే, ఆలస్యం ఐదు సెకండ్లకు మించి ఉండాలి, లేదా మనం మార్చిన అంకెను ప్రోగ్రాం వాడడం లేదు. ఇండికేటర్ ఐదు సెకండ్లు ఆలస్యం చేయడం మేం కళ్లారా చూడలేదు. కాబట్టి రెండోదే మిగిలింది.

చదివే చోట కాకుండా వాడే చోట ఆ అంకెను అచ్చు వేయమన్నాను. “మన కోడులో దాన్ని మార్చే వరుస ఇంకెక్కడా లేదు సార్, గ్రెప్ చేసి అంతా వెతికి చూశాను” అని కోడు చూసే కుర్రాడు అభ్యంతరం చెప్పాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. అయినా అచ్చు వేస్తే లాగ్‌లో పడిన అంకె 50.

మన కోడులో ఎవరూ రాయని 50 ఎక్కడి నుంచి వచ్చింది? కాటా గదిలోని కంప్యూటర్‌కే జీడీబీ అనే తప్పులు వెతికే సాధనాన్ని తగిలించి, ఆ వేరియబుల్ విలువ మారిన క్షణాన ఆగేలా వాచ్‌పాయింట్ పెట్టాం. ఆగిన చోటు మా ఫంక్షన్ కాదు, ఆర్ఎఫ్ఐడీ లైబ్రరీని మొదలుపెట్టే ఫంక్షన్ లోపల.

ఏం జరిగిందో

మా కోడులో ఆ గడువును ఉంచుకునే ‘టైమౌట్’ అనే గ్లోబల్ (ప్రోగ్రాం అంతటికీ కనిపించే) వేరియబుల్ ఉంది, దానికి మొదటి విలువ 2000 ఇచ్చి ఉంది. ఆర్ఎఫ్ఐడీ లైబ్రరీ రాసినవాళ్లూ తమ లోపలి అవసరానికి ‘టైమౌట్’ అనే గ్లోబల్ వేరియబుల్‌నే పెట్టుకున్నారు. దానికి మొదటి విలువ ఇవ్వకుండా ఊరికే ప్రకటించి, తరవాత ఫంక్షన్‌లో 50 అని నింపారు. హెడర్ ఫైల్లో ఆ పేరు లేదు కాబట్టి అది ఉందని మాకు తెలిసే మార్గం లేదు. వాళ్ల లెక్కలో ఒక్కొక్కటి పది మిల్లీసెకండ్లు, అంటే 50 అంటే అర సెకండు. మా లెక్కలో 50 అంటే యాభై మిల్లీసెకండ్లే. లారీ కదలకుండా నిలిచి, గాలి లేనప్పుడు ఇండికేటర్ ఆ యాభైలోపే జవాబిచ్చేది. గాలికి తొట్టి ఊగితే, డ్రైవరు దిగుతూ బండిని కుదిపితే జవాబు యాభై దాటేది. ఆపరేటర్ చెప్పిన గాలికి, తప్పుడు స్లిప్పులకు ఉన్న సంబంధం అబద్ధం కాదు. గాలి మాత్రం కారణం కాదు, కారణాన్ని బయటపెట్టిన పరిస్థితి.

ఒకే పేరుతో రెండు వేరియబుల్స్ ఉంటే, విడివిడిగా కంపైలైన ముక్కలను ఒకే ప్రోగ్రాంగా కలిపే లింకర్ ఎందుకు ఊరుకుంది అన్నది తరవాతి ప్రశ్న. విలువ ఇవ్వకుండా ప్రకటించిన గ్లోబల్ వేరియబుల్‌ను పాత జీసీసీ కంపైలర్ ‘కామన్’ అనే ప్రత్యేక రకంగా గుర్తు పెట్టేది. కామన్ పేరు మరొక కామన్‌తో గాని, విలువ ఉన్న అసలు నిర్వచనంతో గాని కలిస్తే లింకర్ రెండింటినీ ఒకటిగా చేసి, మారు మాట్లాడకుండా ముందుకు పోతుంది. కంపైలైన ఫైళ్లలోని పేర్లను చూపించే ఎన్ఎం అనే సాధనంతో చూస్తే మా ఆబ్జెక్ట్ ఫైల్లో ఆ పేరు పక్కన ‘డి’ (విలువ ఉన్నది) అని, వాళ్ల లైబ్రరీలో ‘సి’ (కామన్) అని స్పష్టంగా ఉంది. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి ఈ అలవాటు మారింది, కామన్‌గా గుర్తించడం ఇప్పుడు డిఫాల్ట్ కాదు. కాని ఆ కంప్యూటర్ బోర్డుతో వచ్చిన కంపైలర్ అంతకన్నా పాతది.

ఇక్కడ ఒక సూక్ష్మం చెప్పాలి, ఎందుకంటే ఈ కథ విన్నవాళ్లలో సగం మంది కంపైలర్‌కు ‘నో-కామన్’ అనే ఫ్లాగ్ (ఆదేశం) పెడితే పోయేది కదా అంటారు. పోయేది కాదు. ఆ ఫ్లాగ్ మనం కంపైల్ చేసే కోడుకు వర్తిస్తుంది. మా వేరియబుల్‌కు విలువ ముందే ఉంది, అది ఎలాగూ కామన్ కాదు. కామన్‌గా ఉన్నది వాళ్ల వైపున, వాళ్లు ఎప్పుడో కంపైల్ చేసి ఇచ్చిన పెట్టెలో. ఈ కలయికను పట్టిచ్చేది లింకర్‌కు ఇచ్చే ‘వార్న్-కామన్’ అనే హెచ్చరిక. దాన్ని పెట్టి మళ్లీ లింక్ చేస్తే ‘టైమౌట్’తో పాటు ‘రిట్రై’ అనే మరో పేరు కూడా కలిసిపోతోందని తెలిసింది. దాని వల్ల ఇంకా ఏ నష్టమూ జరగలేదు, అంతే.

ఆఫీసు పరీక్షల్లో ఇది దొరకకపోవడానికి రెండు కారణాలు. ల్యాప్‌టాప్‌ల మీద బిల్డ్ చేసేటప్పుడు ఆర్ఎఫ్ఐడీ లైబ్రరీ బదులు మేమే రాసుకున్న నకలు వాడేవారు, అందులో ఆ వేరియబుల్ లేదు. అసలు బోర్డు మీద పరీక్షించేటప్పుడు ఇండికేటర్ బదులు ఒక సిమ్యులేటర్ ఉండేది. అది ఎప్పుడడిగినా ఇరవై మిల్లీసెకండ్లలో బుద్ధిగా జవాబు చెప్పేది. ఋషికొండ దగ్గరి ఏసీ గదిలో లారీ ఊగదు.

మొదటి పరిష్కారం, దాని వైఫల్యం

మా ‘టైమౌట్’ పేరు మార్చగానే యార్డులో సమస్య పోయింది. అక్కడితో ఆగకుండా గ్లోబల్ పేర్లన్నిటికీ ముందు ఒక ప్రిఫిక్స్ తగిలించాలని సంస్థ నిర్ణయించింది. వేబ్రిడ్జికి, అంటే లారీ కాటాకు, గుర్తుగా ‘డబ్ల్యూబీ’ అనే రెండక్షరాలు, ఒక అండర్‌స్కోర్. వెతికి మార్చే స్క్రిప్టుతో ఒక మధ్యాహ్నంలో పని అయిపోయింది. నేను వద్దనలేదు, ఆ రోజుకు నాకూ అది సరిపోతుందనిపించింది. తప్పు అందరిదీ.

మూడు నెలల తరవాత కొత్త రకం థర్మల్ ప్రింటర్ వచ్చింది, దానితో మరో లైబ్రరీ. ఆ ప్రింటర్ లైబ్రరీ రాసినవాళ్లు అచ్చుకు పంపే అక్షరాలను పోగుచేసే ‘రైట్ బఫర్’ కోసం సరిగ్గా అవే రెండక్షరాలను ప్రిఫిక్స్‌గా పెట్టుకున్నారు. వాళ్లకూ ‘డబ్ల్యూబీ_ఇనిట్’, ‘డబ్ల్యూబీ_ఫ్లష్’ ఉన్నాయి, మాకూ ఉన్నాయి. ఇవి ఫంక్షన్లు కాబట్టి ఈసారి లింకర్ మౌనంగా లేదు, ఒకే పేరుకు రెండు నిర్వచనాలున్నాయని చెప్పి ఆగిపోయింది. నిజానికి ఇది మంచి వార్త. ఫంక్షన్ల విషయంలో కూడా లింకర్ ప్రతిసారీ ఇలా అరవదు. స్టాటిక్ లైబ్రరీ నుంచి అది తనకు ఇంకా దొరకని పేర్లున్న ముక్కలను మాత్రమే తీసుకుంటుంది. కావలసిన పేరు మన దగ్గరే ముందు దొరికితే రెండో ముక్కను తెరిచి కూడా చూడదు, అప్పుడు ఘర్షణ ఉన్నట్టే తెలియదు. ప్రింటర్ లైబ్రరీలో ఆ రెండు ఫంక్షన్లున్న ముక్కలోనే మరో అవసరమైన ఫంక్షన్ ఉండబట్టి అది లోపలికి వచ్చింది, గొడవ బయటపడింది.

గడువు దగ్గర పడడంతో ఒక ఇంజనీరు ఇంటర్నెట్లో వెతికి, ఒకే పేరుకు ఎక్కువ నిర్వచనాలను అనుమతించే లింకర్ ఫ్లాగును పట్టుకొచ్చాడు. బిల్డ్ అయింది. ఆ ఫ్లాగు ఉంటే మొదట కనిపించిన నిర్వచనమే గెలుస్తుంది. మొదట కనిపించింది మాది. ప్రింటర్ లైబ్రరీ తన బఫర్‌ను కాగితం మీదికి తోయమని పిలిచిన ప్రతిసారీ మా సీరియల్ పోర్టు ఖాళీ అయ్యేది. స్లిప్పు చివరి నాలుగు వరుసలు బఫర్‌లోనే ఉండిపోయి, తరవాతి స్లిప్పు నెత్తిన అచ్చయ్యేవి. అదృష్టం కొద్దీ ఇది ఆఫీసులోనే దొరికింది.

ఆ ఇంజనీరును ఎవరూ తిట్టలేదు, తిట్టవలసిన పని కూడా కాదు. అతని ముందున్నది తప్పు సందేశం, ఆ సందేశాన్ని పోగొట్టే మార్గం. అది సందేశం కాదు సాక్ష్యం అని ముందే చెప్పి ఉండవలసింది మేము.

ఏం పనిచేసింది

ఈసారి ప్రిఫిక్స్ ఏది పెట్టాలని కాకుండా, అసలు ఎన్ని పేర్లకు ప్రిఫిక్స్ అవసరమని మొదలుపెట్టాం. మా సొంత కోడు నుంచి బయటికి కనిపిస్తున్న పేర్లు ఆరు వందల పైచిలుకు ఉన్నాయి. వాటిలో నిజంగా మరో ఫైలు నుంచి పిలిచేవి వందకు లోపే. మిగతావన్నీ ముందు ‘స్టాటిక్’ అనే మాట రాయడం మరిచిపోవడం వల్ల వీధిలోకి వచ్చినవి. ఆ ఒక్క మాట చేర్చితే పేరు ఆ ఫైలు గడప దాటదు, దానికి ఏ పేరు పెట్టుకున్నా ఎవరితోనూ తగవు లేదు. నామకరణ నియమాల చర్చల్లో ఎక్కువ కాలం పేరు ఎలా ఉండాలన్న దాని మీదే పోతుంది. పేరు బయటికి రావాలా అన్న ప్రశ్నతో ఆరింట ఐదొంతుల పని తగ్గడం ఈ కేసులో నేను కళ్లారా చూశాను.

మిగిలిన వందకు ప్రిఫిక్స్ ఎంత పొడవుండాలన్న దానిపై వాదన జరిగింది. చేతికి బరువని కుర్రవాళ్లు పొడవు వద్దన్నారు. అప్పుడు బృందం హాజరు పట్టికే నాకు అక్కరకు వచ్చింది. సింహాచలం అప్పన్న నీడలో ఉన్న ఈ ప్రాంతంలో అప్పలరాజులు, అప్పలనాయుళ్లు ఏ ఆఫీసులోనైనా ఒకరికి మించి ఉంటారు. మన పేర్లకు ముందు ఇంటిపేరు ఉన్నదే ఈ చిక్కు తీరడానికి. ఆ పట్టికలో ఇద్దరు అప్పలరాజులున్నారు, వేరు వేరు ఇంటిపేర్ల వాళ్లు. అయినా ఇద్దరూ ‘కె. అప్పలరాజు’ అనే ఉన్నారు, ఎందుకంటే రెండు ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఇంటిపేరు ఉండి కూడా దాన్ని పొడి అక్షరం చేసేసరికి దాని ఉపయోగం పోయింది. జీతాల గుమాస్తా చివరికి ఇద్దరి ఇంటిపేర్లనూ పూర్తిగా రాసుకున్నాడు. వాదన అక్కడితో ముగిసింది.

పేరున్న సీ లైబ్రరీలు చేసేదీ ఇదే. ఎస్‌క్యూలైట్ ఫంక్షన్లన్నీ ‘ఎస్‌క్యూలైట్3_’తో మొదలవుతాయి, కర్ల్ వాళ్లవి ‘కర్ల్_’తో. ఎస్‌క్యూలైట్ పేరులో వెర్షన్ అంకె కూడా ఉండడం వల్ల పాత రెండో వెర్షన్, మూడో వెర్షన్ ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన ఇమడగలిగాయి. మేం సంస్థ పేరులోంచి నాలుగక్షరాలు, ఆ తరవాత భాగం పేరు, ఆ తరవాత పని, ఈ వరుసలో పెట్టాం. ఒక్కో భాగానికి ఒక్క ప్రిఫిక్స్. ఏ ప్రిఫిక్స్ ఎవరి బాధ్యతో ఒక సాదా ఫైల్లో వరుసకొకటిగా రాసి కోడుతో పాటే ఉంచాం. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు లాంటిది ఆ ఫైలు. అందులో లేని ప్రిఫిక్స్‌కు చెల్లుబాటు లేదు.

పేర్లు దిద్దుతున్నప్పుడు మరో రకం తప్పు బయటపడింది. మరింత భద్రమని ఒకరు రెండు అండర్‌స్కోర్లతో పేర్లు మొదలుపెట్టారు. సీ ప్రమాణం ప్రకారం అలా మొదలయ్యేవి, ఒక అండర్‌స్కోర్ తరవాత పెద్ద అక్షరం ఉండేవి, కంపైలరుకు, దాని లైబ్రరీకి కేటాయించినవి. అంటే ఖాళీ స్థలం అనుకొని ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకోవడం. ‘ఎస్‌టీఆర్’ తరవాత చిన్న అక్షరం వచ్చే ఫంక్షన్ పేర్లు కూడా భవిష్యత్తు కోసం కేటాయించినవే. టైపు పేర్ల చివర ‘_టీ’ని యూనిక్స్ తరహా సిస్టంల పాజిక్స్ ప్రమాణం తనకు ఉంచుకుంది. ఇది పుస్తకాల్లోని భయం కాదు. స్ట్రింగులు నకలు చేసే ‘ఎస్‌టీఆర్‌ఎల్‌సీపీవై’ని చాలా ప్రాజెక్టులు తమకు తామే రాసుకొని ఏళ్ల తరబడి వాడాయి, 2023లో వచ్చిన, లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.38లో అదే పేరు అధికారికంగా వచ్చి చేరింది. మా కోడులోనూ దాని సొంత కాపీ ఒకటి ఉంది, పేరు మార్చాం.

ఇవన్నీ రాసి గోడకు అంటిస్తే సరిపోదని ‘డబ్ల్యూబీ’ అనుభవం నేర్పింది. అందుకే ప్రతి బిల్డ్ చివర నడిచే ఒక చిన్న స్క్రిప్టు పెట్టాం. అది మా లైబ్రరీలను, బయటివాళ్ల లైబ్రరీలను అన్నిటినీ ఎన్ఎంతో చదివి, మా పేర్లలో రిజిస్టరు కాని ప్రిఫిక్స్ ఉన్నా, ఏ పేరైనా రెండు లైబ్రరీల్లో నిర్వచించి ఉన్నా, ఎక్కడ కామన్ రకం కనిపించినా బిల్డును ఆపేస్తుంది. ఎక్కువ నిర్వచనాలను అనుమతించే ఫ్లాగు బిల్డ్ ఫైళ్లలో కనిపించినా ఆపుతుంది. ఎనభై వరుసల స్క్రిప్టు. మొదటి రోజు నలభై ఒక్క పేర్లు పట్టింది. వాటిలో ఇరవై బయటివాళ్లవే.

బయటివాళ్ల పేర్లను ఏం చేయాలన్నది మిగిలింది. పేర్లు మార్చమని ఇద్దరు సరఫరాదారులకూ ఉత్తరం రాశాం. ప్రింటర్ వాళ్లు తరవాతి వెర్షన్‌లో మార్చి పంపారు. ఆర్ఎఫ్ఐడీ వాళ్లు సోర్స్ మార్చలేమన్నారు గాని, లైబ్రరీని మేం అటూ ఇటూ మార్చుకోవడానికి లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆ అనుమతి లేకుండా ముందుకు పోవద్దని నేను పట్టుబట్టాను, ఎందుకంటే లైసెన్సులో దాని గురించి అస్పష్టంగా ఉంది.

ఆబ్జ్‌కాపీ అనే సాధనంలో ప్రతి పేరుకూ ముందు ప్రిఫిక్స్ తగిలించే వీలుంది, మొదట దాన్నే ప్రయత్నించాం. అది కుదరలేదు, ఎందుకంటే లైబ్రరీ బయటి నుంచి ఆశించే ‘మాలాక్’, ‘మెమ్‌సీపీవై’ లాంటి సీ ప్రామాణిక లైబ్రరీ పేర్లకు కూడా అదే ప్రిఫిక్స్ తగిలి, అవి ఎక్కడా దొరక్కుండా పోయాయి. చివరికి లైబ్రరీలోని ముక్కలన్నిటినీ లింకర్‌తోనే ఒకే ఆబ్జెక్ట్‌గా కలిపి, ఆ కలపడంలోనే కామన్ వేరియబుల్స్‌కు చోటు కేటాయించమని చెప్పి, ఆ తరవాత హెడర్‌లో ఉన్న పన్నెండు పేర్లను తప్ప మిగతావన్నీ లోపలికి దాచాం. కామన్ పేరుకు చోటు ఇవ్వకముందు దాచే ప్రయత్నం చేయకూడదు. అది ఇంకా ఎవరి సొత్తూ కాని పేరు. ఈ వరుస కనుక్కోవడానికి ఒక రోజు పట్టింది, రాసిపెట్టుకోవడానికి పది నిమిషాలు. ఇప్పుడు వాళ్ల ‘టైమౌట్’ వాళ్ల పెట్టెలోనే ఉంది.

మొత్తం కోడును సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చి నేమ్‌స్పేస్‌లు వాడుదామన్న సూచన కూడా వచ్చింది. పదేళ్ల కోడును కదిలించే ఖర్చు ఒకటి. అంతకన్నా పెద్దది, ఇద్దరు వేరు వేరు చోట్ల ‘యుటిల్’ అనే నేమ్‌స్పేస్‌లో ఒకే పేరున్న ఇన్‌లైన్ ఫంక్షన్ రాస్తే అక్కడ కూడా లింకర్ ఒకదాన్ని ఎంచుకొని రెండోదాన్ని మాట్లాడకుండా వదిలేస్తుంది. ఆ ప్రతిపాదనను పక్కన పెట్టాం.

నేర్చుకున్నవి

నేను ఈ కేసు నుంచి నా పని పద్ధతిలో మార్చుకున్నవి రాస్తాను.

బయటి స్టాటిక్ లైబ్రరీ చేతికి వచ్చినప్పుడు ఇప్పుడు హెడర్ ఫైలు చదవడానికి ముందే ఎన్ఎం నడుపుతాను. హెడర్‌లో వాళ్లు చూపించదలచుకున్నది ఉంటుంది, ఎన్ఎంలో నిజంగా ఉన్నది ఉంటుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా ఎంత పెద్దదైతే ఆ లైబ్రరీని అంత గట్టి గోడ వెనుక పెట్టాలి.

ఒక విలువ మార్చినా ఫలితం మారనప్పుడు, ఆ విలువను ఇంకా పెంచి చూడడం మానేశాను. వాడే చోట అచ్చు వేసి చూస్తాను. మేం 5000 పెట్టి ఫలితం లేకపోతే 10000 పెట్టి ఉంటే మరో వారం పోయేది.

కొలమానం పేరులో ఉండాలని పట్టుబడుతున్నాను, ‘టైమౌట్_ఎంఎస్’ లాగా. దీని అసలు ప్రయోజనం చదివేవాడికి స్పష్టత. కాని మా వేరియబుల్ పేరు అలా ఉండి ఉంటే ఆర్ఎఫ్ఐడీ వాళ్ల ‘టైమౌట్’తో కలిసేదే కాదు. ఇది కాకతాళీయంగా దక్కే లాభమే, దీన్ని నమ్ముకొని ప్రిఫిక్స్ మానేయకూడదు.

సిమ్యులేటరును కూడా మార్చాం. అది ఇప్పుడు అప్పుడప్పుడు ఒకటిన్నర సెకండ్లు ఆలస్యంగా జవాబిస్తుంది, కొన్నిసార్లు అసలు ఇవ్వదు. గాలి ఉన్న మధ్యాహ్నం అని దానికి పేరు పెట్టారు.

స్క్రిప్టుకు అందని పేర్లు ఇంకా ఉన్నాయి. పోయిన నెల ఒక యార్డులో రీడర్ వాళ్లిచ్చిన పరీక్ష సాధనం నడుస్తుండగా మా ప్రోగ్రాం మొదలుకాలేదు. రెండూ తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీలో ‘రీడర్.లాక్’ అనే ఒకే లాక్ ఫైలును వాడుతున్నాయి. ఫైలు పేర్లు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, షేర్డ్ మెమరీ కీలు లింకర్ కంట పడవు, ఎన్ఎంకు కనిపించవు. ప్రస్తుతానికి వాటినీ అదే రిజిస్టరు ఫైల్లో చేత్తో రాస్తున్నారు. వాటిని తనిఖీ చేసే స్క్రిప్టు ఇంకా ఎవరూ రాయలేదు.